దేశ్యమా, గ్రామ్యమా? స్కాట్స్ మాటలూ, బ్రిటిష్ స్లాంగూ, అనువాదకుడూ

ఇంగ్లీషు చదువుకొనేవారి సౌకర్యం కోసం తయారయ్యే పదపట్టికలలో 'స్కాటిష్, బ్రిటిష్ స్లాంగు' అనే శీర్షిక తరచుగా కనబడుతూ ఉంటుంది. పౌనుకు లండనువాడు వాడే 'క్విడ్' అనే మాటా, పసిబిడ్డకు స్కాట్లాండువాడు వాడే 'బేర్న్' అనే మాటా అందులో పక్కపక్కనే కూర్చుంటవి. నిఘంటువు చేతికి అందనప్పుడు ఇట్టి పట్టికలు అక్కరకు వస్తవన్నమాట నిజమే. కాని రెండు మాటలనూ ఒకే గాటన కట్టి చదివిన అనువాదకుడికి వాటివల్ల జరిగే మేలుకంటె కీడే ఎక్కువ అని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్లాస్గో కథ ఒకదానిలో తల్లి పొయ్యి పక్కన కూర్చుని 'గ్రీట్' చేస్తున్నదని ఉన్నదనుకోండి. లండను ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవాడు ఆమె ఎవరికో నమస్కారం పెడుతున్నదని తెనిగిస్తాడు. నిజానికి ఆమె ఏడుస్తున్నది. ఏడ్చుట అనే అర్థంలో ప్రాచీనాంగ్లంలో ఉన్న ఒక క్రియ ఇంగ్లండులో అడుగంటిపోయింది, స్కాట్లాండులో నిలిచింది; అంతే సంగతి. ఇక పదపట్టిక చూసి ఇది స్లాంగని తెలుసుకున్నవాడు మరొక విధంగా తప్పుతాడు. స్లాంగు కదా అని 'ఏడ్చి చస్తున్నది' అనో, 'శోకాలు పెడుతున్నది' అనో ఒక ఈసడింపును దానికి తగిలిస్తాడు. అర్థం సరిపోతుంది, ఆ తల్లి మర్యాద పోతుంది. మొదటి తప్పును మూలంతో సరిచూసిన ఎవరైనా పట్టుకోగలరు. రెండవదాన్ని పట్టుకోవటం కష్టం. అనువాదాల్లో హాని చేసేది అదే.

ఈ చిక్కును విడదీయటానికి మన వ్యాకరణ సంప్రదాయంలోనే రెండు మాటలు సిద్ధంగా ఉన్నవి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దేశ్యాన్నీ గ్రామ్యాన్నీ వేరుచేసి చెప్పాడు. త్రిలింగదేశ వ్యవహారంలో సిద్ధమైన భాష దేశ్యం. లక్షణానికి విరుద్ధమైన భాష గ్రామ్యం. మొదటిది మాట పుట్టిన నేలను బట్టి చేసిన నిర్ణయం, రెండవది మాటకు దొరికిన గౌరవాన్ని బట్టి చేసిన తీర్పు. ఈ భేదాన్ని పట్టుకొని చూస్తే 'బేర్న్' దేశ్యం, 'క్విడ్' గ్రామ్యం. పదపట్టికల వారు ఈ రెంటినీ కలగాపులగం చేసినారు. దేశ్య గ్రామ్య విభాగం మనలను ఎంతవరకు నడిపిస్తుందో, ఎక్కడ చేయి వదిలిపెడుతుందో చూడవలసి ఉన్నది.

స్కాట్స్ అనేది గేలిక్ కాదు. గేలిక్ కెల్టు కుటుంబానికి చెందినది. స్కాట్స్ ఇంగ్లీషుకు తోబుట్టువు. ప్రాచీనాంగ్లపు ఉత్తరశాఖనుంచి పెరిగి, ఎడింబరో రాజాస్థానంలోను, న్యాయస్థానాల్లోను, కవుల చేతుల్లోను స్వతంత్రమైన భాషగా నిలిచినది. గావిన్ డగ్లస్ వర్జిల్ మహాకావ్యాన్ని మొత్తంగా స్కాట్స్ లోనికి అనువదించి ముగించినది 1513లో. అప్పటికి ఇంగ్లండువారి భాషలో ఆ కావ్యానికి సమగ్రమైన అనువాదం లేదు. తాను వ్రాస్తున్నది ఇంగ్లీషు కాదు, స్కాట్స్ అని ఆయన తన పీఠికలోనే వేరుచేసి చెప్పుకున్నాడు. ఒక మహాకావ్యాన్ని మోయగలిగిన భాష ఐదువందల ఏండ్ల తరువాత స్లాంగు పట్టికలో చోటు వెతుక్కోవలసి రావటం భాష చేసిన దోషం కాదు.

జరిగినదేమంటే, 1603లో స్కాట్లాండు రాజు ఆరవ జేమ్సు ఇంగ్లండు సింహాసనం కూడ ఎక్కి లండనుకు తరలిపోయినాడు. 1707లో రెండు రాజ్యాల శాసనసభలు ఒకటైనవి. రాజూ, శాసనమూ లండనుకు పోయిన తరువాత మర్యాద కూడ వాటివెంటనే పోయింది. పద్ధెనిమిదవ శతాబ్దపు ఎడింబరో పండితులు ఇంగ్లీషు వ్రాతలో తమ నాలుక బయటపడుతుందేమోనని భయపడినారు. డేవిడ్ హ్యూమంతటి తత్త్వవేత్త 1752లో వర్జించవలసిన స్కాట్లాండు ప్రయోగాల పట్టిక ఒకటి ప్రకటించాడు. ఐరోపా అంతటినీ సందేహవాదంతో కుదిపినవాడికి తన ఊరి మాటల విషయంలో మాత్రం లండను తీర్పుమీద సందేహం కలగలేదు!

ఈ చరిత్రలో మూడు సంవత్సరాలు వరుసగా నిలబడి ఉన్నవి. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆంగ్లేయుడు దొంగలూ, సైనికులూ, వీధిజనమూ వాడే నీచభాషకు ఒక నిఘంటువు ప్రకటించినాడు. 1786లో కిల్‌మార్నక్ పట్టణంలో రాబర్ట్ బర్న్స్ తొలి కవితాసంపుటి వెలువడింది. 1787లో జేమ్స్ బీటీ అనే స్కాట్లాండు ఆచార్యుడు మాటల్లోను, వ్రాతల్లోను దొర్లే స్కాట్లాండు దోషాలను అకారాదిగా కూర్చి, దిద్దుకొనండని అచ్చు వేయించినాడు. ఒకరు స్లాంగును ప్రీతితో ఏరుకున్నారు, ఒకరు దేశ్యంలో కవిత్వం చెప్పినారు, ఒకరు అదే దేశ్యాన్ని తప్పుల జాబితాకు ఎక్కించినారు. బర్న్స్ తన పుస్తకం పేరులో తన భాషను 'డయలెక్ట్' అనే చెప్పుకున్నాడు. చివర పదాలకు అర్థాలు కూడ ఇచ్చినాడు. ఆయన మరణించిన పన్నెండేండ్లకు, 1808లో, జాన్ జేమిసన్ తన మహానిఘంటువును స్కాటిష్ 'లాంగ్వేజ్'కు నిఘంటువని పేరు పెట్టి ప్రకటించినాడు. ఆ ఒక్క మాట మారటం వెనుక బర్న్స్ కవిత్వం ఉన్నది.

ఇందులో మరొక ముచ్చట. స్లాంగు నిఘంటుకర్త గ్రోసూ, బర్న్సూ 1789లో కలుసుకున్నారు, స్నేహితులైనారు. స్కాట్లాండు ప్రాచీన కట్టడాలను గురించి గ్రోస్ వ్రాస్తున్న గ్రంథంలో ఆలోవే చర్చి బొమ్మ వేయమని బర్న్స్ అడిగితే, దానికి తగిన మంత్రగత్తెల కథ వ్రాసి ఇవ్వమని గ్రోస్ కోరినాడు. 'టామ్ ఒ షాంటర్' పుట్టినది అట్లాగే. 1791లో గ్రోస్ గ్రంథంలో అచ్చయింది. స్లాంగును ఎరిగినవాడు స్కాట్సును స్లాంగుగా పొరబడలేదు. ఆ పొరపాటు పండితులదీ, తరువాతి పట్టికకారులదీ.

ఇక అసలు స్లాంగు సంగతి. దాని ప్రయోజనం వేరు. దేశ్యం అందరికీ తెలియటానికి పుట్టింది. స్లాంగు కొందరికి తెలియకుండటానికి పుట్టింది. లండను తూర్పు పేటల ప్రాసభాష ఇందుకు మంచి నిదర్శనం. చూపుకు ఇంగ్లీషులో 'లుక్'. దానికి ప్రాస కుదిరేది 'బుచర్స్ హుక్', అనగా కసాయివాడి కొక్కెం. అయితే పలికేటప్పుడు ప్రాస కుదిరిన 'హుక్'ను జారవిడిచి 'బుచర్స్' మాత్రమే మిగుల్చుతారు. ప్రాసమీద కట్టిన మాటలో ప్రాస కనబడకుండా పోతుంది. ఎరుగనివాడికి కసాయివాడు మాత్రమే వినబడతాడు. తలకు 'లోఫ్' అనటం ఇట్టిదే: 'హెడ్'కు 'బ్రెడ్' ప్రాస, 'లోఫ్ ఆఫ్ బ్రెడ్'లో బ్రెడ్ పోయి లోఫ్ మిగిలింది. 1859లో హాటెన్ తన స్లాంగు నిఘంటువులో ఈ ప్రాసభాషకు ప్రత్యేకంగా చోటు ఇచ్చినాడు. మాటను తలక్రిందులు చేసి పలికే పద్ధతి మరొకటి ఉండేది. 'బాయ్' అక్షరాలు తిరగబడి 'యాబ్' అయినది. ఇప్పుడు అది అల్లరి మూకలోని కుర్రవాడికి తిట్టు. మన పిల్లలు ప్రతి అక్షరానికీ 'క' చేర్చి పెద్దలకు అంతుపట్టకుండా మాట్లాడుకొనే క-భాషలోని సంతోషం ఇందులో కూడ ఉన్నది.

స్లాంగులో మన దేశపు సొమ్ము కూడ కొంత ఉన్నది. విలాయతీ అనే మాట సైనికుల నోట నలిగి 'బ్లైటీ' అయి, మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో ఇంటికి పర్యాయపదమైంది. 'దేఖో' 'డెకో' అయినది. నాసికు దగ్గరి దేవలాలీ శిబిరం పేరు 'డూలాలీ' అయి మతి చలించినవాడిని సూచించింది. నేస్తానికి చెప్పే 'పాల్' రోమానీ సంచారుల భాషనుంచి వచ్చింది. రోమానీ మూలం భారతీయం కాబట్టి అందులో సోదరవాచకమైన సంస్కృత శబ్దమే దాగి ఉన్నది. అటువంటిదే, స్లాంగు కాకపోయినా, మన పందికొక్కు 'బాండికూట్' అయి ఇంగ్లీషు నిఘంటువుల్లోనికి దూరటం.

స్లాంగుకు ఆయుర్దాయం తక్కువ, లేదా దాని పదును త్వరగా అరిగిపోతుంది. 1914లో బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' లండనులో ప్రదర్శించినప్పుడు నాయిక నోట 'బ్లడీ' అన్న మాట వెలువడి ప్రేక్షకులు గగ్గోలు పడినారు. ఈనాడు ఆ మాట విని ఎవరూ కుర్చీలో కదలరు. అందుచేత స్లాంగును తెలుగు చేసేవాడు కుర్రకారు ఈ ఏడాది వాడే మాటను ఏరి తెచ్చి పెడితే ఆ అనువాదం పదేండ్లలో ముసలిదవుతుంది. పొగడ్తగా 'కేక' అన్న మాట మొన్నమొన్నటి వరకు ఎంత కొత్తగా వినబడిందో, ఇప్పుడు ఎంత పాతబడిందో గమనించినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. స్లాంగులో మాటకంటె చొరవను అనువదించవలె. ఆ చొరవకు తెలుగులో వాక్యం విరుపు చాలు, ఒక్కొక్కప్పుడు సంబోధన చాలు.

స్కాట్స్ మాటలది వేరే పద్ధతి. అవి తెలుగులోనికి రావటానికి మనం అనుకున్నంతగా మొరాయించవు. 'డ్రీఖ్' అనే మాటను చూడండి. చినుకు ఆగదు, వాన కురవదు, వెలుతురు రాదు, మనసు మూగబోతుంది. ఇంత చెప్పటానికి లండను ఇంగ్లీషు మూడు విశేషణాలు వెతుక్కుంటుంది. మనకు 'ముసురు' ఉన్నది. 'స్కన్నర్'కు 'వెగటు' సరిగ్గా సరిపోతుంది. 'థ్రాన్' అంటే వంకర తిరిగినదనీ, మంకుపట్టు పట్టినదనీ రెండర్థాలు. 'పెడసరం' అన్నది దానికి చాలా దగ్గర. 'వీ' అంటే చిన్న అని పట్టికలన్నీ చెప్పుతవి. కాని గ్లాస్గో ఇల్లాలు అతిథికి 'వీ' కప్పు టీ ఇస్తానంటే కప్పు చిన్నదని కాదు. అది మర్యాద. 'కాస్త టీ పుచ్చుకోండి' అన్నప్పటి 'కాస్త' ఎంతో, 'వీ' అంతే. 'చిన్న కప్పు టీ' అని తెనిగిస్తే అంత మంచి ఇల్లాలు పిసినారి అవుతుంది.

'డౌట్' ఇంకా విచిత్రమైనది. వాన వస్తుందని 'డౌట్' పడుతున్నానని లండనువాడు అంటే రాదని అతని ఉద్దేశం. స్కాట్లాండువాడు అంటే వస్తుందని. మనం 'వాన వస్తుందేమోనని అనుమానంగా ఉన్నది' అన్నప్పుడు వచ్చే సూచననే చెప్పుతున్నాము. అంటే, ఇక్కడ తెలుగు లండనుకంటె ఎడింబరోకు చేరువగా ఉన్నది. అయినా లండను నిఘంటువు చేతపట్టుకొని వాక్యాన్ని తలక్రిందులు చేస్తాము. 'మెసేజెస్'కు వెళ్ళటమంటే కబుర్లు మోయటం కాదు, అంగడికి పోయి సరుకులు తెచ్చుకోవటం. 'పీస్' అంటే రొట్టెముక్కల మధ్య ఏదైనా పెట్టుకొని తినే తిండి. 'ఎక్కడ స్టే చేస్తున్నావు' అంటే బస ఎక్కడని కాదు, కాపురం ఎక్కడని. ఇట్టి మాటలు అర్థం తెలియని మాటలకంటె ప్రమాదకరమైనవి. తెలిసినట్లు కనబడటమే వీటిలోని మోసం. వెలుపల అనే అర్థంలో 'ఔట్‌విత్' అనే మాటను స్కాట్లాండువారు కార్యాలయ పత్రాల్లో సైతం నిస్సంకోచంగా వాడుతారు. ప్రభుత్వపు కాగితంమీద కూర్చున్న ఈ మాట స్లాంగెట్లా అవుతుందో పట్టికకారులు చెప్పవలె.

'గ్లామర్' సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. సినిమా పత్రికలన్నీ వాడే ఈ మాట స్కాట్లాండులో పుట్టినది, 'గ్రామర్' అనే మాటకు రూపాంతరంగా. చదువు రానివారి దృష్టిలో వ్యాకరణం ఒక మంత్రవిద్య. ఆ విద్యతో కళ్ళకు కమ్మే మాయ గ్లామర్. వాల్టర్ స్కాట్ వంటివారి రచనలవల్ల అది ఇంగ్లండుకు పాకింది. తన దేశ్యాన్ని దిద్దుకొనమన్న వ్యాకరణంనుంచే స్కాట్లాండు లోకానికి ఇంత ఆకర్షణ గల మాటను తీసి ఇచ్చింది.

ఇంతవరకు దేశ్య గ్రామ్య విభాగం మనకు తోడు వచ్చింది. గ్లాస్గో నగరంలో అడుగుపెట్టగానే అది చేయి వదిలిపెడుతుంది. స్కాట్సును గౌరవించేవారిలోనే చాలమంది మంచి స్కాట్స్ వేరు, చెడ్డ స్కాట్స్ వేరు అంటూ వచ్చినారు. పల్లెల్లో, బర్న్స్ పద్యాల్లో ఉన్నది మంచిది. గ్లాస్గో మురికివాడల్లో, ఓడల కర్మాగారాల్లో పెరిగినది చెడ్డది, అది వట్టి స్లాంగు. లండను ఎడింబరోకు చేసినదే వీరు గ్లాస్గోకు చేసినారు. 'గాలస్' అనే గ్లాస్గో మాట ఒకప్పుడు ఉరికంబానికి తగినవాడని తిట్టు; ఆ నగరంలో అదే దర్జా, తెగువ కలవాడని పొగడ్త అయినది. ఇది దేశ్యమా, గ్రామ్యమా? పుట్టుక చూస్తే దేశ్యం, వాడిన నోరు చూసి గ్రామ్యమన్నారు. మనవద్ద కూడ గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షాన్ని గ్రామ్యవాదమని ఎత్తిపొడిచినవారు లక్షణాన్ని గురించి మాట్లాడుతున్నామనుకున్నారు. మాట్లాడినది మనుషులను గురించి. ఇప్పటికీ పల్లె మాండలికాన్ని చూసి మురిసిపోయే సహృదయులే హైదరాబాదు బస్తీ తెలుగును హాస్యపాత్రకు మాత్రమే కేటాయించటం చూస్తున్నాము.

టామ్ లెనర్డ్ 1969లో గ్లాస్గో వీధి ఉచ్చారణను ఉన్నదున్నట్లు అక్షరాల్లో పెట్టి ఆరు కవితలు ప్రకటించినాడు. ఇర్విన్ వెల్ష్ 1993లో ఎడింబరో యువకుల భాషలో 'ట్రెయిన్‌స్పాటింగ్' వ్రాసినాడు. కాని వివాదం ముదిరినది 1994లో, జేమ్స్ కెల్మన్ 'హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్' నవలకు బుకర్ బహుమతి వచ్చినప్పుడు. నిర్ణేతలలో ఒకరు బహిరంగంగానే అసమ్మతి తెలిపినారు. అందులోని బూతుమాటలను లెక్కపెట్టినవారు కూడ ఉన్నారు. తన భాషకు, తన సంస్కృతికి ఉనికి హక్కు ఉన్నదని కెల్మన్ బహుమతి సభలోనే చెప్పవలసి వచ్చింది. గావిన్ డగ్లస్‌కు రాని అవసరం ఆయనకు వచ్చింది.

విమర్శకులు బూతులవద్ద ఆగిపోయినారు కాని, ఆ నవలలో నిజంగా కలవరపెట్టవలసినది వేరే ఉన్నది. వాల్టర్ స్కాట్ నవలల్లో రైతులు, సేవకులు స్కాట్స్ మాట్లాడుతారు, కథకుడు ఇంగ్లీషులో వారిని మనకు చూపిస్తాడు. సంభాషణ క్రింద, కథనం పైన. కెల్మన్ ఈ మెట్టును పడగొట్టినాడు. చూపు పోయి గ్లాస్గో వీధుల్లో తడుముకుంటూ నడిచే సామీ ఏ భాషలో ఆలోచిస్తాడో కథకుడూ ఆ భాషలోనే చెప్పుతాడు. మాటలను వేరుచేసే కొటేషను గుర్తులు కూడ లేవు. పాత్రమీద నిలబడి చూడటానికి పాఠకుడికి చోటు లేకుండా చేసినాడు. మన భాషలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు చిత్తూరు పలుకుబడిలో కథనమంతా నడిపినప్పుడు చేసినది ఇట్టిదే. అట్టి రచన ఉన్న భాషలోనికి కెల్మన్ రావటానికి దారి ఇంతకుముందే పడి ఉన్నది.

ఐతే ఏ తెలుగులోనికి? గ్లాస్గోకు వరంగల్లునో, ఎడింబరోకు విజయనగరాన్నో కేటాయించి పాత్రలచేత ఆ యాసలు పలికించటం ఒక ఉపాయంగా కొందరు చెప్పుతారు. నాకు ఇది సమ్మతం కాదు. ఒక జిల్లా యాస చెవిని పడగానే ఆ జిల్లా చెట్టూ చేమా, కులమూ పండుగా వెంట వస్తవి. గ్లాస్గో వానలో నడుస్తున్న సామీ కాకతీయ తోరణం క్రిందికి వచ్చి నిలబడతాడు. అట్లాగని పత్రికాభాషలో పెడితే కెల్మన్ పడగొట్టిన మెట్టును మనం మళ్ళీ కట్టినట్లు. నేను పాటించదగిన పద్ధతి ఇది: ఉచ్చారణను అనుకరించకుండా, ఏ జిల్లాకూ ముద్ర పడని మాటలతో, నోటిమాటకు ఉండే అన్వయాన్ని కథనానికీ సంభాషణకూ ఒకటే చేయటం. సంస్కృత సమాసాలను కథకుడి చేతినుంచి కూడ తీసివేయవలె. పాత్ర పలకలేని మాట కథకుడూ పలకరాదు. ఇది వినటానికి సులభంగా ఉన్నది. పది పుటలు ప్రయత్నించినవారికి మన గద్యంలో కథకుడు ఎంత ఎత్తున కూర్చుని ఉన్నాడో తెలిసివస్తుంది. బూతులను గురించి ఒక్క మాట. కెల్మన్ వాక్యంలో అవి చాలాచోట్ల తిట్లు కావు, ఊతపదాలు, లయకోసం పడినవి. ప్రతిదానికీ తెలుగు బూతు వెతికితే అక్కడ లేని కామమో, క్రోధమో వచ్చి కూర్చుంటుంది. కొన్నిటికి 'దీని తస్సాదియ్య' వంటివి చాలు, కొన్నిటికి విసుగు ధ్వనించే 'ఛ' చాలు, కొన్ని మాత్రం ఉన్నవి ఉన్నట్లు పచ్చిగా రావలసిందే.

2011 జనగణనలో స్కాట్లాండులో 15 లక్షలమందికి పైగా స్కాట్స్ మాట్లాడగలమని వ్రాయించుకున్నారు. 2025లో అక్కడి శాసనసభ గేలిక్‌కు, స్కాట్స్‌కు అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. ఇకమీద పట్టికకారులు శీర్షిక మార్చుకుంటారేమో. అనువాదకుడి చిక్కు మాత్రం చట్టంతో తీరేది కాదు. గ్లాస్గోలో బస్సు నడిపేవాడు ఎక్కిన స్త్రీని 'హెన్' అని పిలుస్తాడు. మాటకు అర్థం కోడిపెట్ట. అందులో వెకిలితనం లేదు, ఆప్యాయత ఉన్నది. ముసలివాడు పడుచుపిల్లను అంటే 'తల్లీ' అనవచ్చు. ఈడువాడు ఈడుదాన్ని అంటే 'అమ్మా' అనాలి, పొరుగింటావిడైతే 'అక్కా' కావచ్చు. పరాయి మగవాడిని 'పాల్' అంటే 'తమ్ముడూ' అనే చెప్పవచ్చు. కాని పళ్ళు బిగించి అన్నప్పుడు అదే మాట బెదిరింపు, మనం 'ఏం బాబూ' అని ఒక రకంగా సాగదీసినట్లు. మూలంలో ఉన్నది ఒక్క మాట. వయసూ, వరుసా, కోపమూ చూసుకొని తెలుగులో ప్రతిసారీ కొత్తగా ఎంచుకోవలె.